బొగ్గు నూనె, కాలిన నూనె, మన చర్మం



ఈ పూట ఎరువుల సంగతి గాని, విత్తనాల సంగతి గాని చెప్పబోవడం లేదు. పంట పండించే మన చేతుల సంగతి, ఆ చేతుల మీది తోలు సంగతి ముచ్చటించదలచాను. ఇంజను దగ్గర, ట్రాక్టరు దగ్గర, తారు డబ్బా దగ్గర రోజూ మనకు అంటే నల్లని జిడ్డు వున్నదే, దానివల్ల చర్మానికి క్యాన్సర్, అనగా మన పెద్దలు రాచపుండు అనేది, వచ్చే ప్రమాదం ఎంత? ఎవరికి ఎక్కువ? ఎవరికి తక్కువ? దీనిని ఎవరికి వారు ఎలా లెక్క కట్టుకోవాలి? ఇదీ నేటి విషయం.

ముందుగా ఒక ముచ్చట చెబుతాను. దుమ్ముగూడెం మండలంలో గోదావరి ఒడ్డున మిరపతోట వేసే పెద్దమనిషి ఒకాయన వున్నాడు. ఆయన్ను నేను మామా అని పిలుస్తాను. ఇరవై ఏళ్ళకు పైగా ఆయిలింజను తిప్పి నీళ్ళు తోడుతున్నాడు. ఇంజనులో కాలిన ఆయిలు దించేది ఆయనే, కొత్తది పోసేది ఆయనే. చేతులు కడుక్కునేది డీజిలుతో. తుడుచుకునేది మొలలో దోపుకున్న గుడ్డపేలికతో. మొన్నా మధ్య తోటలో తామర పురుగును చూడబోయి, ఆయన కుడిచేతి మీద, మణికట్టుకు కొంచెం పైన, రేగుపండంత బుడిపె చూశాను. పైన పెచ్చు కట్టి వున్నది. పెచ్చు ఊడితే నెత్తురు.

"ఇదెన్నాళ్ళ నుంచి మామా?" అంటే, "ఏడాది దాటింది సారూ, పులిపిరికాయ. సున్నం పెట్టిన, జిల్లేడు పాలు పెట్టిన, పోయినట్టే పోయి మళ్ళ వస్తది" అన్నాడు. ఊళ్ళో మందులిచ్చే ఒకాయన ఆరు నెలలు పూతమందు ఇచ్చాడట.

"ఖమ్మం పోదాం పద" అన్నాను.

"పులిపిరికాయకు ఖమ్మం పోవాల్నా సారూ! కోతలు నెత్తిమీదున్నయి" అన్నాడు.

కోతలు అయ్యేదాకా ఆగలేదు. ఆయన భార్య పట్టుబట్టి పంపింది. ఆస్పత్రిలో చిన్న ముక్క కోసి పరీక్షకు పంపారు. చర్మపు క్యాన్సరేనని, ఇంకా లోపలికి పాకలేదని తేలింది. చుట్టూ కొంత మంచి తోలుతో సహా బుడిపెను కోసి తీసివేశారు. మచ్చ మిగిలింది. మనిషి మిగిలాడు. మిరపతోటా మిగిలింది. ఇది ఆ నూనెవల్లనే వచ్చిందని ఒక్క మనిషిని చూసి ఏ డాక్టరూ ప్రమాణం చేసి చెప్పలేడు. కాని ఎక్కడ వచ్చింది? ఇరవై ఏళ్ళు నూనె అంటిన చోటనే వచ్చింది. అక్కడి నుంచే నాకు ఈ విషయం మీద చదవాలనే బుద్ధి పుట్టింది. చదివినది మీకు నివేదిస్తున్నాను.

మన ప్రాంతం బొగ్గు ప్రాంతం. 1871లో ఇల్లెందు దగ్గర విలియం కింగ్ అనే భూగర్భశాస్త్రవేత్త బొగ్గు వున్నట్లు కనిపెట్టాడు. నేడు సింగరేణి సంస్థకు కేంద్రస్థానం కొత్తగూడెం. బొగ్గును పొయ్యిలో కాల్చడం ఒక పద్ధతి. గాలి తగలకుండా వేడిచేసి, లేదా గొప్ప ఒత్తిడిలో ఉదజని వాయువుతో కలిపి, నూనెగా మార్చడం మరో పద్ధతి. ఇలా బొగ్గు నుంచి గాని, సహజవాయువు నుంచి గాని తయారుచేసిన ఇంధనాలనే కృత్రిమ ఇంధనాలంటారు. రెండవ ప్రపంచయుద్ధంలో జర్మనీ దేశం చాలావరకు ఇలాంటి ఇంధనం మీదనే ఆధారపడింది. దక్షిణాఫ్రికాలో సాసోల్ సంస్థ 1955 నుంచి బొగ్గుతో పెట్రోలు, డీజిలు చేస్తున్నది.

ఇది మనకు దూరపు కబురు కాదు. హైదరాబాదులో 1944లో మొదలై, 1956లో ప్రాంతీయ పరిశోధనాలయంగా మారిన సంస్థ, నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అని పిలువబడేది, మన బొగ్గును తక్కువ వేడిలో మాగబెట్టి పొగరాని బొగ్గును, తారును వేరుచేసే పద్ధతుల మీద పరిశోధన చేసింది. ఆ హైదరాబాదులోనే 2022 జనవరిలో బి.హెచ్.ఇ.ఎల్. సంస్థ, బూడిద ఎక్కువగా వుండే మన దేశపు బొగ్గు నుంచి రోజుకు పావు టన్ను మెథనాల్ తీసే ప్రయోగ కర్మాగారాన్ని ప్రారంభించింది. మన పిల్లలు ఐ.టి.ఐ. చదివి గనులలోనూ, కర్మాగారాలలోనూ పనికి పోతున్నారు. రేపు ఇలాంటి కర్మాగారాలు పెరిగితే వాటిలో చేరేదీ వారే. కాబట్టి లోకంలో ఇంతకుముందు ఏమి జరిగిందో మనం తెలుసుకుని వుండడం మంచిది.

అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో ఇన్‌స్టిట్యూట్ అనే వూరు వున్నది. అక్కడ 1952లో బొగ్గును ఉదజనితో కలిపి నూనె, రసాయనాలు తీసే కర్మాగారం పనిచేయడం మొదలుపెట్టింది. అందులోని 359 మంది పనివారిని అయిదేళ్ళపాటు క్రమం తప్పకుండా పరీక్షించారు. ఫలితాలను సెక్స్‌టన్ అనే వైద్యుడు 1960లో ప్రచురించాడు. 52 మందికి చర్మం మీద ఏదో ఒక వికారం కనిపించింది. వారిలో 10 మందికి చర్మపు క్యాన్సర్. అందరూ పదేళ్ళకు లోపు పనిచేసినవారే. మామూలు జనంలో వచ్చేదానితో పోలిస్తే ఇది 16 రెట్ల నుంచి 37 రెట్ల వరకు ఎక్కువ అని ఆయన లెక్క కట్టాడు.

ఈ లెక్కను మనం నెమ్మదిగా చదువుకోవాలి. "37 రెట్లు" అనగానే గుండె గుభేలుమంటుంది. కాని రెట్లు అనేవి దేనికి రెట్లు? చాలా చిన్న అంకెకు రెట్లు. పుట్టికి ఒక గింజ తాలు వుండే చోట 37 గింజలు తాలు వచ్చిందంటే, నష్టం పెరిగిన మాట నిజమే గాని, పుట్టెడు ధాన్యమూ తాలైపోలేదు. అలాగే 359 మందిలో 10 మందికి వచ్చిందంటే, సుమారు 36 మందిలో ఒకరికి. మిగిలిన 35 మందికి ఆ కాలంలో రాలేదు. అయితే ఆ ఒక్కడు మన ఇంటివాడైతే? అందువల్ల రెట్లు చూసి భయపడనూ కూడదు, చిన్న అంకె అని తోసివేయనూ కూడదు.

ఇంకొక మాట. ఆ కర్మాగారంలో చర్మానికి వికారం వచ్చిన 50 మంది సంగతి తరువాత ఏమైందో వెదకి 1979లో మరొక పరిశీలన ప్రచురించారు. వారు ఇతరులకంటె ఎక్కువగా చనిపోలేదని తేలింది. దీని అర్థం ఏమిటి? చర్మం మీది క్యాన్సర్ కంటికి కనిపించేది. కనిపెట్టి త్వరగా తీయించుకుంటే మనిషి బతుకుతాడు. ఈ రోగంలో మనకు అనుకూలమైన సంగతి ఇదొక్కటి. దీనిని మనం వదులుకోరాదు.

మరి ఈ నూనెలో వున్న దోషం ఏమిటి? బొగ్గును గాని, కట్టెను గాని, నూనెను గాని చాలినంత గాలి లేకుండా కాల్చినప్పుడు, మాగబెట్టినప్పుడు, నల్లని తారు పుడుతుంది. ఆ తారులో బెంజోపైరీన్ మొదలైన పదార్థాలు వుంటాయి. జపాన్ దేశంలో యామగివా, ఇచికావా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కుందేళ్ళ చెవులకు బొగ్గుతారు రాసి చూశారు. ఒకనాడు రాస్తే ఏమీ కాలేదు. నెల రాస్తే ఏమీ కాలేదు. విసుగు లేకుండా నెలల తరబడి రాయగా రాయగా క్యాన్సర్ పుట్టింది. ఈ సంగతి వారు 1915లో ప్రకటించారు. 1933లో లండన్‌లో రెండు టన్నుల తారుగడ్డను వడపోసి, వడపోసి, అందులోని బెంజోపైరీన్‌ను విడదీసి పట్టుకున్నారు.

కుందేటి చెవి మనకు చెప్పే పాఠం ఒకటే. ఒక్కసారి అంటినందుకు భయం లేదు. అంటిన చోటనే అంటి, అంటినది అలాగే నిలిచి, ఏళ్ళు గడిస్తేనే ముప్పు. వరిపొలంలో నీరు ఒక పూట నిలిస్తే పైరుకు ఏమీ కాదు. కాలువ తీయకుండా రోజుల తరబడి నిలవనిస్తే వేరు కుళ్ళుతుంది. ఇదీ అంతే.

ఈ మాటకు ఇంకొక రుజువు వున్నది. ఇంగ్లండులో పొగగొట్టాలు దులిపే కుర్రవాళ్ళకు పెద్దయిన తరువాత మర్మస్థానపు చర్మం మీద క్యాన్సర్ వస్తున్నదని 1775లోనే పెర్సివల్ పాట్ అనే శస్త్రవైద్యుడు రాశాడు. ఆ ముడతలలో మసి నిలిచిపోవడమే కారణం. తరువాత 1892లో బట్లిన్ అనే వైద్యుడు విచారించి, ఐరోపాలోని ఇతర దేశాలలో అదే పని చేసేవారికి ఆ రోగం అంతగా లేదని, వారు ఒళ్ళంతా కప్పే దుస్తులు తొడగడం, స్నానం చెయ్యడం మేలు చేసిందని చెప్పాడు. పని ఒకటే, మసి ఒకటే. గుడ్డ, నీళ్ళు తేడా తెచ్చాయి.

పత్తి పండించే మనకు సంబంధించిన కథ ఇంకొకటి. మాంచెస్టర్ ప్రాంతంలో నూలు వడికే పనివారు యంత్రాల మీదికి వంగి పనిచేసేవారు. యంత్రాలకు పోసే నూనె చిమ్మి వారి లాగులు తొడల దగ్గర తడిసేవి. ఆ లాగులతోనే రోజంతా వుండేవారు. దశాబ్దాల తరువాత వారిలో అదే చోట క్యాన్సర్ వస్తున్నదని 1922లో వైద్యులు గుర్తించారు. 1953లో అక్కడి ప్రభుత్వం, ముప్పు లేని నూనెనే వాడాలని నిబంధన పెట్టింది. నూనె చేతికి అంటితే చూసి కడుక్కుంటాము. గుడ్డకు అంటితే మరచిపోతాము. గుడ్డ మాత్రం రోజంతా ఆ నూనెను మన తోలుకు రాస్తూనే వుంటుంది.

ఇక మన ఇంట్లో, చేనులో ఏవేవి ప్రమాదమో చూద్దాం. అన్ని నూనెలూ ఒకటి కావు. పల్చగా, తేటగా వుండే పెట్రోలు, కిరసనాయిలు, డీజిలు చర్మాన్ని ఎండగొట్టి పగులగొడతాయి. దురద, మంట పుట్టిస్తాయి. వాటిని ఒళ్ళు కడుక్కునే నీళ్ళలాగా వాడడం తప్పు. కాని చర్మపు క్యాన్సర్ విషయంలో వీటికంటె చిక్కగా, నల్లగా, వేడికి త్వరగా ఆవిరి కాకుండా మిగిలే మడ్డినే ఎక్కువగా శంకించాలి. అందులో మొదటిది బొగ్గుతారు. రెండవది ఇంజనులో కాలిన ఆయిలు. ఎలుకల చర్మం మీద కాలిన ఆయిలు రాసినప్పుడు గడ్డలు పుట్టాయి. డీజిలు ఇంజను ఆయిలుకంటె పెట్రోలు ఇంజనులో కాలిన ఆయిలులో ఈ దోషపదార్థాలు ఎక్కువగా చేరుతాయి. అనగా మోటారుసైకిలు నుంచి దించిన ఆయిలును చిన్నదని చులకన చేయరాదు.

దుకాణంలో డబ్బా మీద "సింథటిక్ ఆయిల్" అని రాసి వుంటే ఏమనుకోవాలి? కృత్రిమమైనది కాబట్టి చెడ్డదనీ కాదు, ఖరీదైనది కాబట్టి మంచిదనీ కాదు. కొత్తగా వున్నప్పుడు అది శుద్ధమైన నూనె. ఇంజనులో వేల కిలోమీటర్లు కాలిన తరువాత అదీ కాలిన ఆయిలే. కృత్రిమ ఇంధనాల మాటా అంతే. బొగ్గును ముందు వాయువుగా మార్చి, ఆ వాయువుతో కట్టిన డీజిలు చాలా తేటగా వుంటుంది. బొగ్గును నేరుగా కరిగించి తీసిన బరువు నూనెలో దోషం ఎక్కువ. వాయువు తీసేటప్పుడు పక్కకు దిగే తారులోనూ దోషం ఎక్కువే. పేరు చూసి కాదు, మడ్డి చూసి లెక్క కట్టాలి. మెథనాల్‌లో తారు లేదు గాని, అది నోట పడితే కళ్ళు పోతాయి, ప్రాణం పోతుంది. ఇది మరచిపోవద్దు.

రోడ్డు వేసే తారు సంగతి అడుగుతారేమో. నేడు రోడ్లకు వాడేది ఎక్కువగా పెట్రోలియం శుద్ధిలో మిగిలే బిటుమెన్. బొగ్గుతారుతో పోలిస్తే అందులో ఆ దోషపదార్థాలు చాలా తక్కువ. రెంటినీ మనం తారు అనే అంటాము. అయినా మరిగే తారు ఒంటి మీద పడితే కాలిపోతుంది. ఆ కాలిన మచ్చ ఏళ్ళ తరువాత తెరుచుకుని పుండైతే అది వేరే ప్రమాదం. ఆ సంగతి తరువాత చెబుతాను.

మన అడవి అంచు గ్రామాలలో కాలిన ఆయిలుకు ఎన్ని ఉపయోగాలు కనిపెట్టామో లెక్కలేదు. చెద పట్టకుండా గుంజలకు రాస్తాము. అడవిపందులు రాకుండా తాళ్ళను అందులో నానబెట్టి మొక్కజొన్న చేను చుట్టూ కడతాము. పశువుల గజ్జికి పూస్తాము. కొందరు తమ కాలి పగుళ్ళకు, తామరకు కూడా పూసుకుంటున్నారు. ఈ చివరి రెండు పనులు ఈనాటి నుంచే మానుకోవలసిందని చేతులు జోడించి మనవి చేస్తున్నాను. పశువు తన ఒంటిని నాకుతుంది. అది కడుపులోకి పోతుంది. గజ్జికి పశువైద్యుని దగ్గర మంచి మందులున్నాయి. మనిషి తామరకూ మందులున్నాయి. కొన్ని చర్మవ్యాధులకు డాక్టర్లు శుద్ధిచేసిన తారుమందు రాసివ్వడం నిజమే. అది కొలత ప్రకారం, వారి కంటికింద వాడే మందు. గ్యారేజి డబ్బాలోని మడ్డి మందు కాదు.

ఇక్కడ ఒక సందేహం. "మనది నల్లతోలు, ఎండకు ఆరితేరిన తోలు, తెల్లవాళ్ళకు వచ్చే రోగం మనకెందుకు వస్తుంది?" అని చాలామంది అంటారు. ఇందులో సగం నిజం వున్నది. మన తోలులోని నలుపు సూర్యకిరణాలను చాలావరకు ఆపుతుంది. అందుకే ఎండవల్ల వచ్చే చర్మపు క్యాన్సర్ మనలో తక్కువ. కాని ఆ నలుపు తారును ఆపదు. గొడుగు వానను ఆపుతుంది గాని బురదను ఆపుతుందా? పైగా మనలో ఈ రోగం తరచుగా ఎండ పడని చోట్ల, పాత కాలిన మచ్చల మీద, మానని పుండ్ల మీద, కాళ్ళ మీద పుడుతుంది. మనకు రాదులే అని ఎవరూ చూడరు. చూడనందువల్ల ముదిరిన తరువాత బయటపడుతుంది. ఇంకొకటి, తారు అంటిన తోలు ఎండకు మామూలుకంటె ఎక్కువగా మండుతుంది. మన కొత్తగూడెం, భద్రాచలం ఎండలు మీకు నేను చెప్పాలా? తారు పని చేసి, కడుక్కోకుండా నడి ఎండలో నిలబడితే రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి.

ఇక లెక్క కట్టుకోవడం. ఇది డాక్టరు లెక్క కాదు. మీరు సాయంత్రం అరుగు మీద కూర్చుని వేసుకునే లెక్క. ఆరు చింతపిక్కలు తీసుకోండి. నేను అడిగే ప్రశ్నకు "అవును" అయితే ఒక పిక్క ముందు పెట్టండి.

మొదటి ప్రశ్న. కాలిన ఆయిలు గాని, తారు గాని వారానికి ఒకసారైనా మీ ఒంటికి అంటుతున్నదా?

రెండవది. అంటిన తరువాత సబ్బుతో కడగకుండా సాయంత్రం స్నానం దాకా అలాగే వుంచుతున్నారా?

మూడవది. జిడ్డు అంటిన చొక్కా, లుంగీ, ప్యాంటు ఉతకకుండా మర్నాడు తొడుగుతున్నారా? జిడ్డు పేలికను మొలలోనో, జేబులోనో దోపుకుంటున్నారా?

నాలుగవది. ఇలా పదేళ్ళు దాటిందా?

అయిదవది. జిడ్డు అంటిన ఒంటితోనే ఎండలో పనిచేస్తున్నారా?

ఆరవది. ఆ అంటే చోట పాత కాలిన మచ్చ గాని, గరుకు మచ్చలు గాని, పులిపిరి వంటిది గాని, మానని పుండు గాని వున్నదా?

ఒక పిక్క వుంటే, జాగ్రత్తగా వుండండి చాలు. రెండు మూడు వుంటే అలవాట్లు మార్చుకోండి. నాలుగు, అంతకు మించి వుంటే అలవాట్లు మార్చుకోవడమే గాక, ఒకసారి డాక్టరుకు ఒళ్ళు చూపించుకోండి. ఆరవ ప్రశ్నకు "అవును" అంటే, మిగిలిన పిక్కల లెక్క అక్కరలేదు. ఆ ఒక్కదానికే వెళ్ళాలి. గోదావరి ఒడ్డు మామ పిక్కలు పెడితే ఆరూ ముందుకు వచ్చాయి. "ఇంకోటుంటే అదీ పెడుదును సారూ" అని నవ్వాడు.

ఈ లెక్కలో ఒక మంచి వున్నది. నాలుగవ ప్రశ్న మన చేతిలో లేదు. గడిచిన ఏళ్ళు తిరిగి రావు. కాని మొదటిది, రెండవది, మూడవది, అయిదవది ఈ సాయంత్రమే తగ్గించుకోవచ్చు. ఎలా?

చేతులు డీజిలుతోనూ, పెట్రోలుతోనూ కడగవద్దు. అవి తోలులోని సహజమైన జిడ్డును తీసివేసి, దోషం లోపలికి పోవడానికి దారి చేస్తాయి. ఇసుకతో, ఇటుకరాయితో రుద్దవద్దు. గీతలు పడతాయి. ముందు పాతగుడ్డతో తుడిచి, కొంచెం కొబ్బరినూనెనో, వేరుశనగనూనెనో రాసి రుద్దండి. నల్లజిడ్డు అందులో కరుగుతుంది. ఆ తరువాత సబ్బుతోనో, కుంకుడు రసంతోనో కడగండి. ఇంజను దగ్గర ఒక సబ్బుబిళ్ళ, ఒక సీసాలో నూనె వుంచడానికి ఎంత ఖర్చు?

ఆయిలు మార్చేటప్పుడు రబ్బరు తొడుగులు వేసుకోండి. నూలు తొడుగులు వద్దు. నూలు తొడుగు నూనెను పీల్చి రోజంతా చేతికి పట్టు వేసినట్లు వుంచుతుంది. మాంచెస్టర్ లాగుల కథే మళ్ళీ. గుంజలకు రాయవలసివస్తే పొడుగు కర్రకు కుంచె కట్టి రాయండి. తాళ్ళు నానబెట్టేటప్పుడు కర్రతో తిప్పండి. ఆ పని పిల్లలకు అప్పగించవద్దు. బండి ఇరుసుకు మన పెద్దలు ఆముదం వాడేవారు. ఇంకా కట్టెబండి వున్నవారు ఆ మాట గుర్తుచేసుకోండి. మిగిలిన కాలిన ఆయిలును కిన్నెరసానిలోనో, బావి దగ్గరో పారబోయకుండా, డబ్బాలో పట్టి ఆయిలు కొనే గ్యారేజివారికి ఇవ్వండి.

పత్తిచేలలో తైవాన్ పంపు వీపున వేసుకునే యువకులకు ఒక మాట. ట్యాంకు మూత లూజుగా వుండి ఆయిలు కలిపిన పెట్రోలు వీపు మీద, నడుము మీద కారుతూ వుంటే, "కొంచెమే గదా" అని పని సాగించవద్దు. వాషరు మార్చండి. తడిసిన చొక్కా విప్పి ఒళ్ళు కడుక్కోండి. దానితోబాటు మీద పడే పురుగుమందు కూడా తడిసిన గుడ్డలో నిలుస్తుంది.

తల్లులకు, అక్కచెల్లెళ్ళకు ఇంకొక మనవి. ఆ జిడ్డు గుడ్డలు ఉతికేది మీరే. ఇంజను దగ్గర నిలబడకుండానే ఆ మడ్డి మీ చేతులకు అంటుతున్నది. వాటిని ఇంటి గుడ్డలతో కలపకుండా వేరుగా, సబ్బునీళ్ళలో నానబెట్టి, కర్రతో తిప్పి, ఆపైన ఉతకండి. ఉతికిన తరువాత మీ చేతులూ సబ్బుతో కడుక్కోండి. నెలకొకసారి ఇంటాయన వీపు, చేతులు, తొడలు, పాదాలు చూడండి. వీపు మీది మచ్చ ఎవరికీ తమకు తాము కనిపించదు.

ఏమి చూడాలి? నాలుగు వారాలైనా మానని పుండు. పెరుగుతున్న పులిపిరి. కొమ్ములాగా గట్టిగా పొడుచుకు వచ్చిన తోలు. పెచ్చు ఊడినప్పుడల్లా నెత్తురు వచ్చే చోటు. ఏనాడో కాలి మానిన మచ్చ మళ్ళీ తెరుచుకోవడం. అరికాలిలో గాని, గోటికింద గాని కొత్తగా పుట్టి పెరిగే నల్లమచ్చ. అరికాలి మచ్చకు తారుతో సంబంధం వున్నా లేకపోయినా చూపించుకోవలసిందే. మర్మస్థానం దగ్గర ఇలాంటిది వుంటే సిగ్గుపడి దాచుకోవద్దు.  సున్నం, జిల్లేడు పాలు, కాల్చిన ఇనుము పెట్టవద్దు. అవి పైపొరను తిని, లోపలిదాన్ని కప్పిపెడతాయి. డాక్టరుకూ తెలియకుండా చేస్తాయి.

ఎక్కడికి పోవాలి? ముందు దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. అక్కడి నుంచి భద్రాచలం, కొత్తగూడెం, ఖమ్మం ప్రభుత్వాసుపత్రులు వున్నాయి. పెద్ద చికిత్స కావలసివస్తే హైదరాబాదులో 1955 నుంచి వున్న మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆస్పత్రి ప్రభుత్వానిదే. ఆరోగ్యశ్రీకి అర్హులైనవారు సంబంధిత కాగితాలు వెంట తీసుకుపోండి. డాక్టరుతో "పులిపిరి" అని మాత్రమే చెప్పి ఊరుకోవద్దు. "ఇన్నేళ్ళుగా కాలిన ఆయిలు, లేదా తారు, ఈ చోటనే అంటుతున్నది" అని కూడా చెప్పండి. ఆ ఒక్క మాటతో వారు చూసే చూపు మారుతుంది.

తోటి విస్తరణ ఉద్యోగులకు ఒక మాట చెప్పి ముగిస్తాను. మనం చేనుకు పోయి ఆకు తిప్పి చూస్తాము, కాండం చీల్చి చూస్తాము, వేరు పీకి చూస్తాము. రైతు చెయ్యి మాత్రం చూడము. నేనూ ఎన్నో ఏళ్ళు చూడలేదు. ఆ మామ తోటకు నేను అంతకుముందు మూడుసార్లు పోయాను. మూడుసార్లూ ఆయన ఆ చేత్తోనే నాకు మంచినీళ్ళు ఇచ్చాడు. చెంబు చూశాను గాని చెయ్యి చూడలేదు. నాలుగవసారి కనిపించింది. ఇంకొక ఏడాది ఆగివుంటే ఏమయ్యేదో డాక్టరు నాకు విడిగా చెప్పాడు. కావున పైరును చూసే కళ్ళతోనే ఒకసారి చేతులను కూడా చూడండి. సభలలో చింతపిక్కల లెక్క వేయించండి. అయిదు నిమిషాల పని.

రైతు సోదరులారా! ఇంజను చెడిపోతే భాగాలు దొరుకుతాయి. తోలు చెడిపోతే దుకాణంలో దొరకదు. ఆయిలు పట్టకుండా సేద్యం సాగదు, నిజమే. అంటనివ్వండి. నిలవనివ్వవద్దు. ఈ సాయంత్రం ఇంజను ఆపిన తరువాత ఇంటికి పోయేముందు, చేతులు కడుక్కుని పోండి.